గంట ప్రయాణం

కోదాడకు చేరువలోని చిలుకూరు పేరు చెప్పగానే చాలామంది హైదరాబాదు దగ్గరి బాలాజీ ఆలయాన్ని తలచుకుంటారు. విదేశయానం కోరేవారు ప్రదక్షిణలు చేసే చిలుకూరు అది. ఈ చిలుకూరు వేరు. ఇక్కడి పిల్లలు కూడా విదేశాలకు వెళ్లారు, కాని ఆ గుడికి మొక్కినదీ లేనిదీ వారికే తెలియాలి.

అలా వెళ్లిన ఒక రైతు కొడుకు దుబాయి నుండి బయలుదేరాడు. తండ్రి మంచం పట్టి పది రోజులు దాటింది. దాదాపు 2,500 కిలోమీటర్ల ఆకాశమార్గాన్ని నాలుగు గంటలలోపే దాటి, అతడు తెల్లవారుజామున శంషాబాదులో దిగుతాడు. అక్కడి నుండి ఊరికి ఎలా రావాలన్నదే ఇంట్లో చర్చ.

శంషాబాదు నుండి చిలుకూరుకు రోడ్డు మార్గం సుమారు 200 కిలోమీటర్లు. గన్నవరం నుండి అయితే సుమారు 120. దగ్గరి విమానాశ్రయం గన్నవరమే; 2014 జూన్ 2 తరువాత అది పొరుగు రాష్ట్రానిదైనా దూరం మారలేదు కదా! "గన్నవరం విమానం గంటలో దిగుతుందట, అదే ఎక్కమను" అన్నది నాయనమ్మ.

ఇంటర్మీడియట్ చదువుతున్న మనుమరాలు కాగితం తీసుకుంది. రెండు విమానాశ్రయాల మధ్య సరళరేఖలో దూరం సుమారు 264 కిలోమీటర్లు. గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోయే చిన్న విమానానికి అది అరగంట పని. మరి కాలపట్టికలో గంట ఎందుకున్నది? ఆ గంట గాలిలో గడిపే కాలం మాత్రమే కాదు. విమానం నిలిచిన చోటు నుండి కదిలి, రన్‌వే చేరడం, పైకి లేవడం, వేగం తగ్గించి దిగడం, తిరిగి నిలవడం అన్నీ అందులోనివే. ఇంత చిన్న దూరంలో విమానం ఎత్తు అందుకుని స్థిరంగా సాగేది కొద్దిసేపే. ఎదురుగాలి ఉంటే మరికొన్ని నిమిషాలు అదనం.

పైగా సామాను తీసుకోవాలి, మళ్లీ తనిఖీకి నిలబడాలి, తరువాతి విమానం కోసం కాచుకోవాలి. గన్నవరంలో దిగాక, వచ్చిన దిక్కుకే రెండు గంటలకు పైగా వెనుకకు రావాలి. అన్నీ కలిపితే ఆరు గంటలు దాటుతున్నాయి. కారులో చిట్యాల, నకిరేకల్లు, సూర్యాపేట మీదుగా వస్తే నాలుగే.

"మన పక్క నుంచే పోయే విమానం మనకు పనికిరాదా?" అని నాయనమ్మ ఆశ్చర్యపోయింది. నిజానికి ఆ సరళరేఖ చిలుకూరుకు కొంత దక్షిణంగా, పులిచింతల పరిసరాల మీదుగా పోతుంది. విమానాలు ఆ గీతనే పట్టుకుని ఎగరాలని లేదు. అనుమతి లభించిన దారిలో పోతాయి. దగ్గరగా పోయినంత మాత్రాన, మధ్యలో దిగడానికి అది బస్సు కాదు.

"కారే ఎక్కమని చెప్పు" అని ఆమె ఒప్పుకున్నది.

ఉదయం తొమ్మిది దాటింది. దక్షిణం వైపు ఆకాశంలో ఎక్కడో సన్నని మోత వినిపించింది. నాయనమ్మ వాకిట్లోకి వచ్చి, నొసటిపై చేయి అడ్డుపెట్టుకుని పైకి చూసింది. మంచం మీది నుండి తాత, "వచ్చాడా?" అని అడిగాడు. "సూర్యాపేట దాటాడట" అన్నది మనుమరాలు.