దిగమింగినవి

తెలుగులో 'దిగమింగడం' ఎక్కువగా ఆడవాళ్ల క్రియ. అవమానాన్ని దిగమింగడం, ఏడుపు దిగమింగడం, నోటిదాకా వచ్చిన మాటని మింగేయడం... హాలాహలం మింగిన శివుడికి దక్కిన కీర్తి మనకెవరికీ దక్కలేదనుకోండి! కానీ బ్లేడు, మేకు, చెంచా, బ్యాటరీ కావాలని మింగే ఖైదీల గురించి చదవడం మొదలుపెట్టాక ఆ మాట నాకు ఇంకోలా వినబడుతోంది. వాళ్లు బాధని దాచుకోవడానికి మింగడం లేదు. ఎక్స్‌రేలో కనబడేలా మింగుతున్నారు.

మాది గూడూరు. నెల్లూరు వైపుది కాదు, కర్నూలుకీ ఎమ్మిగనూరుకీ మధ్య ఉన్నది. ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మా చిన్నమ్మని ఈ సంగతి అడిగాను. "అప్పట్లో అరటిపండ్లు తినిపించి కనిపెట్టుకోని ఉంటాంటిమి. డాక్టరేమో ఏంటికి మింగితివిరా అంటాడు. పక్కనే పోలీసోడు నిలబడుంటాడు. వాడేం చెప్తాడు పాపా?" అంది.

అరటిపండ్ల వైద్యం ఇప్పుడు పనికిరాదు. ఎండోస్కోపీ చెయ్యాలంటే కడుపు ఖాళీగా ఉండాలి. పొరపాటున మింగిన వస్తువులు పదింట ఎనిమిది, తొమ్మిది వాటంతటవే బయటికి పోతాయి. కావాలని మింగినవాళ్ల సంగతి అలా కాదు. పదునైనవి, పొడుగైనవి, ఒకేసారి నాలుగైదు మింగుతారు. అందుకే వాళ్లలో సగానికి పైగా ఎండోస్కోపీ అవసరమవుతుంది. 6 సెంటీమీటర్లు మించినది చిన్నపేగు తొలి మలుపులో ఇరుక్కుంటుంది. గొంతు కింద అన్నవాహికలో బటన్ బ్యాటరీ ఆగితే 2 గంటల్లోగా తీసెయ్యాలి, లేకపోతే కాల్చేస్తుంది. ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి ఇంచుమించు 100 కిలోమీటర్లు. ఎస్కార్టు దొరకాలి, సంతకాలు కావాలి. ఖైదీ ఆడమనిషైతే మహిళా కానిస్టేబుల్ కూడా దొరకాలి. ఇంత జరిగేలోపు "నాటకం" అనే మాట ఎంతమంది నోట వస్తుందో! నాటకమే అనుకుందాం. ఆ నాటకంలో బ్లేడు మాత్రం నిజమే కదా.

అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం సెయింట్ జోసెఫ్‌లో ఒక మానసిక వైద్య మ్యూజియం ఉంది. 1929లో అక్కడి పిచ్చాసుపత్రిలో ఉన్న ఒక స్త్రీ కడుపులోంచి 1,446 వస్తువులు తీశారు. అందులో 453 మేకులు. ఆపరేషన్‌లోనే ఆమె చనిపోయింది. ఆ మేకులనీ పిన్నులనీ నక్షత్రంలా పేర్చి అద్దం వెనక పెట్టారు. ఆమె ఖైదీ కాదంటారు, సరే. తాళం మాత్రం బయటినుంచే వేశారు. మేకుల్ని లెక్కపెట్టినంత శ్రద్ధగా ఆమె మాటని ఎవరైనా విన్నారా అన్నదే నా సందేహం.

ఇది మ్యూజియం నాటి సంగతి అని వదిలెయ్యలేకపోతున్నాను. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్, ఆత్మహత్యకి ప్రయత్నించినవాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలంటుంది. వాళ్లకి చికిత్స, పునరావాసం ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత అంటుంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత పాత 309 సెక్షన్‌ని తీసేసింది. సంతోషించేలోపే 226 కనబడింది. ప్రభుత్వోద్యోగిని విధి నిర్వహణలో ఒత్తిడి చేసే ఉద్దేశంతో ఆత్మహత్యకి ప్రయత్నిస్తే ఏడాది దాకా శిక్ష. మేకు మింగిన మనిషి చావాలనుకుందా, లేక కాసేపు బయటి ఆకాశం చూడాలనుకుందా? ఒక్కోసారి ఆ రెండూ విడదీయలేనంతగా కలిసిపోయి ఉంటాయి. "వార్డెన్ నా మాట వినలేదు, అందుకే మింగాను" అని డాక్టరుతో చెప్తే అది రోగి చెప్పుకున్న బాధా, నేరానికి సాక్ష్యమా?

మా చిన్నమ్మ చెప్పిన పోలీసు నిలబడే చోటు అందుకే నాకంత ముఖ్యమనిపిస్తుంది. ఖైదీల వైద్య పరీక్ష పూర్తి గోప్యంగా జరగాలని ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన మండేలా నియమాల్లో 31వది చెబుతోంది. అంటే పోలీసు తలుపు అవతల ఉండాలి. డాక్టరు "ఎందుకు మింగావు" అని అడగకముందే, ఆ జవాబు ఎవరి చేతికి వెళ్తుందో ఆమెకి చెప్పాలి. వస్తువు తీసేసిన మర్నాడు డిశ్చార్జి రాసేసి, మానసిక వైద్యుల్ని ఒక్కసారైనా చూపించకుండా అదే బ్యారక్‌కి పంపిస్తే, కేస్ షీట్‌లో తర్వాతి పేజీ కూడా అప్పుడే రాసి పెట్టుకోవచ్చు.