ఆడవాళ్ళ కారు

పాత కారు చూడ్డానికి వెళ్ళినప్పుడు ముందు బానెట్ మీద చెయ్యి వేసి చూడాలి. అది వెచ్చగా ఉందంటే, అమ్మే మనిషి మనం రాకముందే ఇంజను స్టార్ట్ చేసి, మనకి వినపడకూడని చప్పుడేదో సద్దుమణిగేదాకా తిప్పాడని అనుమానించొచ్చు. చల్లగా ఉన్న ఇంజనే ఉన్నదున్నట్టు మాట్లాడుతుంది. మొదటి రెండు నిమిషాల్లో వచ్చే టకటకలు, పొగగొట్టం లోంచి వచ్చే పొగ రంగు చాలా చెబుతాయి. పొగ నీలంగా ఉంటే ఆయిల్ కాలుతోంది. నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. తెల్లగా, తియ్యటి వాసనతో, ఎంతకీ ఆగకుండా వస్తోందంటే కూలెంట్ సిలిండర్లలోకి దిగుతోంది. అందుకే నేను ఫోనులోనే చెప్పేస్తాను, "నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చెయ్యకండి" అని. ఆ మాట తర్వాత అవతలి గొంతు మారుతుంది. కొందరికి మర్యాద పెరుగుతుంది, కొందరికి చిరాకు. రెండూ పనికొచ్చే సమాచారమే.

నేను వెతికింది మాజ్డా మియాటా, మొదటి తరానిది. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో తొలిసారి చూపించారు. రెండే సీట్లు, చేత్తో వెనక్కి మడిచే గుడ్డ టాపు, కావలసినప్పుడు మాత్రమే పైకి లేచే హెడ్‌లైట్లు, 116 హార్స్‌పవర్ ఇంజను, వెయ్యి కిలోల లోపు బరువు. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడైంది ఇదే. అన్ని తరాలూ కలిపి పది లక్షలో బండి 2016లో తయారైంది. అయినా అమెరికాలో దీన్ని వెక్కిరించడానికి వాడే పేరు "ఆడవాళ్ళ కారు". బ్రిటన్‌లో అయితే "హెయిర్‌డ్రెస్సర్ల కారు". శని ఆదివారాలు దీన్నే రేసులకి తీసుకెళ్ళే మగవాళ్ళు కూడా ముందు ఆ పేరు మీద ఒక జోకు వేసుకుని, ఆ తర్వాతే తమ బండి సంగతి ఎత్తుతారు. 'వంటింటి సాహిత్యం' అనిపించుకున్న మనకి ఇందులో కొత్తేముంది!

నాకు 56 ఏళ్ళు. ఒహాయోలో పాఠాలు చెప్పుకుంటూ ఇరవై ఎనిమిదేళ్ళు గడిచాయి. ఇంట్లో ఇప్పటిదాకా కొన్న కార్లన్నీ ఎయిర్‌పోర్టు నుంచి ఎన్ని సూట్‌కేసులు పడతాయి, మళ్ళీ అమ్మితే ఎంతొస్తుంది అనే లెక్కల మీద కొన్నవి. ఆ లెక్కలు అవసరమే, నేనేం తప్పు పట్టను. ఈసారి మాత్రం రెండు వేసవుల పాటు అదనంగా క్లాసులు చెప్పి దాచుకున్న 7000 డాలర్లున్నాయి. సంగతి చెబితే నా సహచరుడు వద్దనలేదు. ఒక్క ప్రశ్న మాత్రం అడిగాడు: "మరి దాన్ని ఎవరు చూసిపెడతారు?"

చూసిపెట్టడం. అమ్మాయికి సంబంధం చూసిపెడతారు, ఇల్లు చూసిపెడతారు, కారు చూసిపెడతారు. డబ్బు మనదైనా, సంతకం మనదైనా, చూపు మాత్రం ఇంకొకరిది. నాన్నకి బజాజ్ చేతక్ ఉండేది, నరసరావుపేటలో. వానాకాలం పొద్దున్నే మొరాయిస్తే ఒక పక్కకి వంచి, మళ్ళీ నిలబెట్టి, అప్పటికీ వినకపోతే స్పార్క్ ప్లగ్ విప్పేవాడు. పానా అన్నయ్య చేతికి, టార్చిలైటు నా చేతికి. వెలుతురు ఎక్కడ పడాలో తెలియాలంటే పని ఎక్కడ జరుగుతోందో తెలియాలి కదా. ప్లగ్ మసిబారిందా, తడిసిందా, తెల్లబడిందా అన్నది పదకొండేళ్ళకే నాకు తేడా తెలిసేది. పానా ఇమ్మని ఎన్నడూ అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు. మిగతాది ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో ఎనిమిది వారాల సాయంత్రం క్లాసులో నేర్చుకున్నాను.

మొదట చూసింది 1990 నాటి ఎర్ర కారు. పెయింటు అద్దంలా మెరుస్తోంది. తోడుగా మా అక్క కొడుకు వచ్చాడు. ప్రశ్నలు నేను అడుగుతుంటే జవాబులు వాడికి వస్తున్నాయి. మూడో ప్రశ్నకి వాడే అన్నాడు, "సార్, నాకు గేర్ల బండి నడపడమే రాదు, మా పిన్నితో చెప్పండి" అని. అప్పుడు కూడా ఆ పెద్దమనిషి నా వైపు చూసి, మాట వాడితోనే పూర్తి చేశాడు.

ఈ కారుకి ఇంజను కంటే పెద్ద జబ్బు తుప్పు. టాపు మీద పడ్డ వాన సీట్ల వెనక రెండు రంధ్రాల గుండా కిందికి దిగాలి. వాటిలో ఆకులు ఇరుక్కుంటే నీళ్ళు తలుపుల కింది పెట్టెల్లోకి చేరి, లోపల్నుంచి బయటికి తినేస్తాయి. చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లే ఒహాయో లాంటి చోట మరీ త్వరగా. అందుకే వెనక చక్రాల ముందు, కింది అంచు మీద అయస్కాంతం పెట్టి చూడాలి. ఇనుము పోయి పుట్టీ మిగిలిన చోట అది అంటుకోదు. (బానెట్ మీద అంటుకోకపోతే కంగారు పడకండి, అది అల్యూమినియం.) ఆ ఎర్ర కారుకి రెండు వైపులా నా అయస్కాంతం జారి కింద పడింది. ముందు వంగి చూస్తే క్రాంక్ పుల్లీకి నాలుగే గాట్లున్నాయి. 1991 మధ్య దాకా వచ్చిన ఇంజన్లకి క్రాంక్ ముందు కొస పొట్టిది. టైమింగ్ బెల్ట్ మార్చినవాళ్ళు అక్కడి బోల్టు సరిగ్గా బిగించకపోతే గాడి అరిగి, పుల్లీ ఊగి, చివరికి క్రాంకే పాడవుతుంది. తర్వాత దాన్ని మార్చారు. ఎనిమిది గాట్లుంటే కొత్తరకం. ఇంజను తిరుగుతుంటే ఆ పుల్లీ కొద్దిగా ఊగుతోంది. చూపించాను. "మీకు ఈ కార్లు అలవాటు లేక అలా అనిపిస్తోంది" అన్నాడు. ఒంట్లో నొప్పంటే నరాల బలహీనత అనిపించుకున్న ఆడవాళ్ళకి ఈ వాక్యం ఏ భాషలో విన్నా అర్థమవుతుంది.

తిరిగొస్తుంటే మావాడు నవ్వాడు. "పెళ్ళిచూపుల్లా ఉంది పిన్నీ! చుట్టూ తిరిగి చూడ్డం, నడిపించి చూడ్డం..." 1991లో మా ముందు గదిలో నన్ను నడిపించి చూశారు. ఆ పోలిక నాకు నచ్చలేదు. కారుకి అవమానం ఉండదు. అయితే ప్రకటనల భాష చూస్తే వాడి మాటలో కొంత నిజం ఉందనిపించింది. "ఒక్కరి చేతిలోనే ఉన్నది", "ఎక్కువ తిరగనిది", "ఎవరూ చెయ్యి వెయ్యనిది". ఎంత తక్కువ తిరిగితే అంత విలువ! యంత్రం లెక్కలో ఇది ఒట్టి మూఢనమ్మకం. ఏళ్ళ తరబడి షెడ్డులో కదలకుండా ఉన్న బండికి రబ్బరు సీళ్ళు ఎండిపోతాయి, ట్యాంకులో పెట్రోలు జిగురు కడుతుంది, బ్రేకులు పట్టేస్తాయి. టైర్ల పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 2312 అంటే 2012లో 23వ వారం. అరగకపోయినా అవి ముసలివే. క్రమం తప్పకుండా తిరిగి, ఎప్పటికప్పుడు మరమ్మత్తు చేయించుకుంటూ వచ్చిన బండే నయం.

నడిపి చూడ్డం అనగానే నాకు బెర్తా బెంజ్ గుర్తొస్తుంది. పెళ్ళికి ముందే తన కట్నం డబ్బులో కొంత కార్ల్ బెంజ్ వ్యాపారంలో పెట్టిన మనిషి. 1888 ఆగస్టులో భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి వందకి పైగా కిలోమీటర్లు బండి నడిపింది. ఇంధనం గొట్టం పూడితే టోపీ పిన్నుతో పొడిచింది. వైరు ఒరుసుకుపోతే మేజోళ్ళ పట్టీ చుట్టింది. బ్రేకు చెక్కలు అరిగితే చెప్పులు కుట్టేవాడి చేత తోలు కొట్టించింది. చరిత్ర దీన్ని భార్య చేసిన సాహసయాత్రగా చెప్పుకుంటుంది. నా దృష్టిలో అది లోపాల్ని ఒక్కొక్కటిగా పట్టుకున్న పరీక్ష, ఆ యంత్రం ఎక్కడెక్కడ ఓడిపోతుందో తేల్చిన నివేదిక.

మూడు నెలల తర్వాత దొరికింది 1992 నాటి తెల్ల కారు, లక్షా నలభై ఒక్క వేల మైళ్ళు తిరిగింది. అమ్మే ఆవిడ పోస్టాఫీసులో పనిచేసి రిటైరయింది. ఆయిల్ మార్చిన ప్రతిసారీ నోటుబుక్కులో రాసుకుంది. అరవై వేల మైళ్ళకోసారి మార్చాల్సిన టైమింగ్ బెల్ట్ రెండోసారి 1,18,000 దగ్గర మార్చినట్టు రసీదు ఉంది. ఈ ఇంజనులో బెల్ట్ తెగినా వాల్వులు పిస్టన్లకి తగలవు, బండి ఆగిపోతుందంతే. పాత పోర్షె 944కి అలా జరిగితే వాల్వులు వంగిపోతాయి. పుల్లీకి ఎనిమిది గాట్లు. అయస్కాంతం అంటుకుంది. క్లచ్ పెడల్ కొంచెం మెత్తగా ఉంది, స్లేవ్ సిలిండర్ కారుతోంది, అది చిన్న పని.

కొనేముందు ఒక మెకానిక్ దగ్గర పరీక్ష చేయించాను, 150 డాలర్లు. కంప్రెషన్ 172, 170, 174, 171. నాలుగూ దగ్గర దగ్గరగా ఉన్నాయి, కావలసింది అదే. కానీ ఇంజను వెనక ఆయిల్ కారుతోంది. క్రాంక్ వెనక సీల్ పోయిందనీ, గేర్‌బాక్సు దించాలనీ, 1100 డాలర్లవుతుందనీ కాగితం రాశాడు. ఇంజను వెనక పైభాగాన క్యామ్ యాంగిల్ సెన్సర్ ఉంటుంది. దాని రబ్బరు రింగు గట్టిపడితే ఆయిల్ ఇంజను వెనక నుంచి జారి సరిగ్గా అదే చోట బొట్టు కడుతుంది. ఆ రింగు ఖరీదు ఒకటి రెండు డాలర్లు. పైన చూశారా అని అడిగాను. "ఎక్కడో చదివుంటారు" అన్నాడు. చదివాను, చదవడమే నా ఉద్యోగం అన్నాను. వెనకంతా తుడిపించి, ఇరవై నిమిషాలు ఇంజను తిప్పించి, చిన్న అద్దం పెట్టి టార్చి వేశాను. తడి పైనుంచి మొదలైంది. ఆయన కాసేపు చూసి, ఏమీ అనకుండా ఆ లైను కొట్టేసి కొత్తది రాశాడు.

పాత కాగితం నా బ్యాగులోనే ఉంది. అది చూపించి వెయ్యి తగ్గించమనొచ్చు, మావాడు అదే అన్నాడు. ఆవిడ నమ్మేది కూడా. మెకానిక్ రాతని ఎదిరించడానికి ఆవిడ దగ్గర నోటుబుక్కు తప్ప ఏముంది? ఆ కాగితం బయటికి తీయలేదు. టైర్లకీ క్లచ్‌కీ మాత్రం బేరమాడాను. 6800 అన్నది 6100కి ఇచ్చింది.

రింగు నేనే మార్చాను. టైమింగ్ చెదరకుండా సెన్సర్ ఉన్న చోటు ముందే పెన్నుతో గీత గీసుకున్నాను. చెయ్యి సరిగ్గా పట్టని చోటు, గంటన్నర పట్టింది. స్లేవ్ సిలిండర్ పని ఇంకా ఉంది, టైర్లు వచ్చే నెల జీతానికి. అక్టోబరులో ఆకులు రాలడం మొదలయ్యేలోపు సీట్ల వెనక ఆ రెండు రంధ్రాలు శుభ్రం చెయ్యాలి.