పొట్టిదైనా ఆబోతు ఆబోతే

బెంగళూరులో కోడింగు, వీకెండ్లో సేద్యం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు తోటలు కొన్న మన ఐటీ జనాలకి ఇప్పుడు పుంగనూరు ఆవుల మోజు. 2024 సంక్రాంతికి ప్రధాని వాటికి మేత పెట్టిన ఫోటోలు మీరూ చూసే ఉంటారు. ఆవుతో ఆగితే పర్లేదు, కోడెదూడనీ తెచ్చుకుంటున్నారు.

మూడడుగుల ఎత్తు, ముద్దొస్తుంది, నిజమే. కానీ ఎదిగిన ఆబోతు రెండు క్వింటాళ్ళ దాకా తూగుతుంది. కొమ్ములు సరిగ్గా మన తొడల ఎత్తులో ఉంటాయి.

అసలు చిక్కేంటంటే, మందకి దూరంగా సీసాపాలతో పెంచి, నుదురు తోసి ఆడించిన దూడతోనే పెద్దయ్యాక ప్రమాదం ఎక్కువ. దానికి మనమూ ఇంకో కోడెలాగే కనిపిస్తాం. వయసొచ్చాక బలం తేల్చుకుందాం అంటుంది.

ఇది చెప్పేవాళ్ళూ తగ్గిపోయారు. సూది వేయించడం వచ్చాక జెర్సీ ఆవులున్న ఇళ్ళలో ఆబోతుని మేపే పనేముంది?

అది పక్కకి తిరిగి వీపు వంచి నిలబడినా, తల దించి మట్టి గీకినా వార్నింగే. పరిగెత్తకండి. దాన్నే చూస్తూ మెల్లగా వెనక్కి నడిచి గేటు దాటండి. దొడ్లోకి ఒంటరిగా పోవద్దు, పిల్లల్ని అసలు పంపొద్దు.

మరీ ముద్దొస్తే గంగడోలు నిమరండి. నుదురు జోలికి మాత్రం పోకండి.