హార్మోనియం పాపమా?

మా నాన్న రాయపూర్ రైల్వే వ్యాగన్ రిపేర్ షాపులో ఫిట్టరు. ఊరు విజయనగరం దగ్గర. 1931లో రాయపూర్-విజయనగరం లైను పూర్తయ్యాక మా వైపు వాళ్ళు చాలామంది ఈ దారినే పని వెతుక్కుంటూ వచ్చారు. ఆదివారాలు డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో తెలుగువాళ్ళ ప్రార్థనకూటంలో ఆయన హార్మోనియం వాయించేవాడు. నేను కాలేజీలో ఉండగానే నాస్తికుణ్ణయ్యాను. ఆయనకు బాధే. అయినా ఆదివారం ఆ పెట్టె మోసుకెళ్ళే పని మాత్రం నాదే.

ఒక వేసవిలో కోస్తా నుంచి ఒక బోధకుడు వచ్చాడు. మూడు రాత్రులు సభలు. మూడో రాత్రి అంశం, ఆరాధనలో వాయిద్యాలు. ఎఫెసీ 5:19, కొలొస్సయి 3:16 చూపించాడు. కొత్త నిబంధన పాడమంది, వాయించమని ఎక్కడా అనలేదు. అనని పని చేస్తే ధిక్కారమే. "నోవహుకు చితిసారకపు మ్రాను అని చెప్పాక టేకు వాడితే కుదురుతుందా?" అన్నాడు. దేవుడు చెప్పని నిప్పు తెచ్చిన అహరోను కొడుకులు కాలిపోయిన కథ (లేవీయకాండం 10) కూడా చెప్పాడు.

నాన్న ఊరుకోలేదు. "150వ కీర్తనలో సితార, తంబుర, పిల్లనగ్రోవి, తాళాలు అన్నీ ఉన్నాయి కదండీ?"

"అది పాత నిబంధన బ్రదర్. మరి బలులు కూడా ఇద్దామా?"

"ప్రకటన గ్రంథంలో వీణలున్నాయే?"

"అది పరలోకం."

"మీ చేతిలో మైకు బైబిల్లో ఉందా?"

"మైకు సహాయం. హార్మోనియం అదనం."

జనం తలలూపారు. పై ఆదివారం నుంచి హార్మోనియం మా ఇంట్లో మంచం కిందకు చేరింది. నేను నవ్వుకున్నాను. మిత్రులకు జోకులా చెప్పాను కూడా. అది నా పొరపాటు. ఎందుకో చెబుతాను.

మూడేళ్ళ తర్వాత నాన్నకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి పడిపోయింది. చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఒకరు, ఇంట్లో సాయంత్రాలు ఆ పెట్టె ఇంకా వాయిస్తున్నాడని విని, "వేరే నిప్పు అన్నా..." అని సగంలో ఆపేశారు. ఆ సగం మాట చాలు. పదేళ్ళుగా నాన్నకు బీపీ ఉంది. మాత్రలు గుర్తొచ్చినప్పుడు వేసుకునేవాడు. మెదడులో రక్తనాళం మూసుకుపోవడానికి ఆ కారణం సరిపోదా? డాక్టరు అదే చెప్పాడు, నేనూ అదే చెప్పాను. ఒక రాత్రి ఆయన నన్ను పిలిచి, "ఒరేయ్, నువ్వు దేవుణ్ణి నమ్మవు. నాకు అబద్ధం చెప్పవలసిన పని నీకు లేదు. వాళ్ళు చెప్పింది పుస్తకంలో ఉందా?" అని అడిగాడు.

అప్పుడు చదవడం మొదలుపెట్టాను.

మొదట తెలిసింది ఏమిటంటే, ఆ బోధకుడిది పిచ్చివాదం కాదు. ఈస్టర్న్ ఆర్థొడాక్స్ చర్చిలలో చాలావరకు నేటికీ వాయిద్యాలు లేవు. 1520లలో జ్యూరిక్‌లో జ్వింగ్లీ సంస్కరణ ఆర్గన్లను ఆపించింది. ఇక ఆయన బోధ వంశవృక్షం అమెరికాలో దొరికింది. బైబిలు పలికిన చోట పలకాలి, మౌనంగా ఉన్న చోట మౌనంగా ఉండాలి అని 1809లో థామస్ క్యాంప్‌బెల్ ఒక సూత్రం చెప్పాడు. క్రైస్తవులందర్నీ కలపడానికే చెప్పాడు. 1860 ప్రాంతంలో కెంటకీలోని మిడ్‌వే అనే ఊరి చర్చిలో మెలోడియన్ పెట్టారు. అదీ మన హార్మోనియం చుట్టమే. గొడవ మొదలైంది. ఇంకా వేరే తగాదాలూ తోడయ్యాయి. 1906 నాటి అమెరికా మతగణనలో ఆ ఉద్యమం రెండుగా నమోదైంది. వాయిద్యాలు ఒప్పుకున్నవాళ్ళు ఎక్కువమంది డిసైపుల్స్ వైపు, వద్దన్నవాళ్ళు చర్చెస్ ఆఫ్ క్రైస్ట్ వైపు.

ఇప్పుడు మన వైపు చూడండి. డిసైపుల్స్ మిషనరీలు 1880లలోనే మా రాయపూర్‌కు దగ్గర్లోని బిలాస్‌పూర్ చేరారు. చర్చెస్ ఆఫ్ క్రైస్ట్ వాళ్ళు 1960ల నుంచి కోస్తా ఆంధ్రలో బోధించారు. ఒకే పుస్తకం, ఒకే సూత్రం, రెండు వ్యతిరేక తీర్పులు. ఆ రెండో తీర్పే రైలెక్కి మా కాలనీకి వచ్చింది.

తప్పెవరిది? నాకు తోచింది ఇది. పుస్తకం చెప్పనిది నిషిద్ధమా, అనుమతమా? ఈ ప్రశ్నకు పుస్తకంలో జవాబు లేదు. ఎఫెసీ పత్రికలో ఉన్న గ్రీకు మాట "ప్సాల్లో"కు మొదటి అర్థం తీగ మీటడం. తర్వాత అది పాడటానికీ వాడుకైంది. ఏ అర్థం తీసుకోవాలో కూడా పుస్తకం చెప్పదు. మైకు సహాయం, హార్మోనియం అదనం అనే గీత గీసింది మనిషే. అంటే దేవుడి అధికారం పేరుతో మనమీద నడిచేది చదివేవాడి అధికారం. ఇది క్రైస్తవులకే పరిమితం కాదు. ఏ గ్రంథమూ లేని ఆలిండియా రేడియో కూడా 1940లో హార్మోనియాన్ని నిషేధించింది, భారతీయ సంగీతానికి పనికిరాదని. 1970ల దాకా ఆ నిషేధం సడలలేదు. అక్కడా ఎవరో గీసిన గీతే.

ఛత్తీస్‌గఢ్‌లో క్రైస్తవుల ప్రార్థనల మీద దాడుల వార్తలు వింటూనే ఉన్నాం. వాళ్ళని ఎగతాళి చేయడానికి ఇది రాయడం లేదు. నేను నవ్వుకున్న ఆ మూడేళ్ళలో, నాన్న భయాన్ని ఒక్కసారి కూడా తీరిగ్గా కూర్చుని విప్పి చూపలేదు. హేతువాదికి అది తగని పని. వైరుధ్యం కనిపెట్టి నవ్వడం తేలిక. ఆ వైరుధ్యం కింద నలిగే మనిషికి ఓపిగ్గా చెప్పడం కష్టం.

నాన్నకు అంతా చెప్పాను. బిలాస్‌పూర్ సంగతి విని చాలాసేపు మాట్లాడలేదు. "అయితే వాళ్ళకీ తెలీదన్నమాట" అన్నాడు. దేవుణ్ణి ఆయన వదల్లేదు, నేను వదలమననూ లేదు. భయం మాత్రం పోయింది. బీపీ మాత్రలు వేళకు వేసుకోవడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు సాయంత్రాలు మంచం మీద పెట్టె తెరుస్తాం. మెట్లు ఆయన కుడిచెయ్యి చూసుకుంటుంది. తిత్తి కొట్టే ఎడమచెయ్యి లేదు కాబట్టి ఆ పని నాది. ఆయన దేవుడి పాట, నా గాలి. ఇది ఏ గ్రంథం ప్రకారం తప్పో తెలిసినవాళ్ళు చెప్పండి.