పాస్టరు గారి ఖాతా



తణుకు రోడ్డులో మూతపడిన రైసుమిల్లు స్థలంలో సూపర్ మార్కెట్ కడతారని తెలిసినప్పటి నుంచి మన పేటలో అదే మాట. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరూ ఇళ్ళకు కదల్లేదు. వేపచెట్టు కింద రెండు జట్లు. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న పిల్లలేమో అది వస్తే ఉద్యోగాలొస్తాయన్నారు. పెద్దవాళ్ళు, వీధి కొట్లన్నీ మూతపడతాయన్నారు. కిరాణా కొట్టున్న మన సహోదరుడు అక్కడ నోరు విప్పలేదు గానీ, సాయంత్రం మా ఇంటికొచ్చి పంచాయతీకి ఇచ్చే అర్జీ నా చేతిలో పెట్టాడు.

"అయ్యగారూ, మొదటి సంతకం మీది పడితే మిగతావాళ్ళూ పెడతారండి."

పెడదామనే అనుకున్నాను. 2020 లాక్‌డౌన్‌లో మందిరం మూసి, కానుకలు లేక మా ఇంట్లో బియ్యం అయిపోయినప్పుడు, అడక్కుండానే బస్తా దింపి వెళ్ళింది ఆయనే. తర్వాత నూనె, పప్పు, సబ్బులు. అన్నీ ఖాతాలో రాసుకున్నాడు, ఇప్పటిదాకా ఒక్కసారీ అడగలేదు. ఏ సూపర్ మార్కెట్‌లో అరువు పుస్తకం ఉంటుంది చెప్పండి?

ఆయన వెళ్ళాక, ప్రార్థన చేయించుకోవడానికి వచ్చి అరుగు మీద కూర్చున్న సహోదరి అంది. నాట్లకు వెళ్ళే మనిషి.

"మీకైతే బస్తా ఇంటికొచ్చిందండి. మాకు అరువంటే ప్యాకెట్ మీదున్న రేటుకి రెండ్రూపాయలు ఎక్కువేస్తారు. బాకీ ఉన్నదాన్ని, ఎదురెలా అడుగుతానండి? అక్కడైతే బిల్లిస్తారంట కదా."

ప్యాకెట్ మీద అచ్చువేసిన ధరలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. దానికి మించి తీసుకోకూడదని చట్టమే ఉంది. లేవీయకాండము 19వ అధ్యాయంలో త్రాసు గురించి, తూనికరాళ్ళ గురించి ఉన్న మాటల మీద నేను ఎన్ని ప్రసంగాలు చేశానో! రోజూ ఆ కొట్టు ముందు నుంచే నడిచాను. నా సంచి నింపుకున్నాను గానీ, ఆమె సంచిలో సరుకు ఎంతకిచ్చారని ఎన్నడూ అడగలేదు.

మర్నాడు కొట్టులో ఎవరూ లేని వేళ చూసి వెళ్ళి అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

"నిజమేనండి. కొందరు ఎగ్గొడతారు. టోకు కొట్టు వాడు నాకు అరువు ఆపేస్తాడు. ఇచ్చేవాళ్ళ మీద వేసుకోక ఏం చెయ్యనండి?" అంటూ పుస్తకం తీసి, రాని బాకీల పేజీలు ఒక్కొక్కటే చూపించాడు. మధ్యలో ఒక పేజీ గబుక్కున తిప్పేశాడు.

అది నాది. అడుగున ఉన్న అంకె కనబడనే కనబడింది. 4,260.

ఆమె కట్టిన రెండేసి రూపాయల్లో మా బియ్యం బస్తా తాలూకు ఎంతుందో నేను లెక్క కట్టలేను.

జేబులో ఉన్న 1,500 ఇచ్చాను. వద్దన్నాడు, తర్వాత తీసుకుని పుస్తకంలో వేసుకున్నాడు. ఇదంతా రాయనా అని ఇద్దరినీ అడిగాను. ఆమె తలూపింది. ఆయన మాత్రం, "రాయండి, మీ బాకీ కూడా రాయండి" అన్నాడు.

అర్జీ ఇంకా నా బైబిలులోనే మడిచి ఉంది. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు ఇద్దరూ వస్తారు.