బేతాళుడు చెట్టు దిగిపోయాడు

ఈ నెల గోడపత్రికకు ఏం రాయాలా అని చాలా ఆలోచించాను. నాకు పాటలు రాయడం రాదు, బొమ్మలు అసలే రావు. అందుకని మన హాస్టల్లో వారం రోజులు జరిగిన గొడవ గురించి రాస్తున్నాను. అదే, బేతాళ కథల ముగింపు గొడవ.

మన తెలుగు మాస్టారు రాజమండ్రిలో పాత పుస్తకాల కొట్టు నుంచి చందమామల కట్ట తెచ్చి ఇచ్చారు కదా. చందమామ 1947 జూలైలో మద్రాసులో మొదలైంది. నాగిరెడ్డి గారు, చక్రపాణి గారు దాన్ని పెట్టారు. ఇప్పుడు రావడం లేదు, ఆగిపోయి పదేళ్ళు దాటింది. మన కట్టలో సగం పుస్తకాలకు అట్టలు లేవు. అయినా చేతికి రాగానే అందరం ముందు తిప్పేది బేతాళ కథే. శంకర్ గారు వేసిన ఆ బొమ్మ, రాజు భుజం మీద శవం, చేతిలో కత్తి, చూశాక రాత్రి దుప్పటి ముసుగు తియ్యబుద్ధి కాదు.

ప్రతి కథా ఒకలాగే ఆగిపోతుంది. బేతాళుడు కథ చెప్పి ప్రశ్న అడుగుతాడు. తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుంది అంటాడు. రాజు జవాబు చెప్తాడు. నోరు విప్పాడు కాబట్టి శవం మళ్ళీ చెట్టెక్కేస్తుంది. మళ్ళీ నెల మళ్ళీ అంతే. కట్టంతా వెతికినా చివరి కథ దొరకలేదు. పదో తరగతి అక్క ఒకామె మాస్టారిని అడిగింది, "సార్, రాజు ఎప్పటికైనా ఇంటికెళ్తాడా?" అని.

మాస్టారు నవ్వి, చందమామ వాళ్ళు దాన్ని ముగించలేదమ్మా, పాత కథలు అయిపోయాక కొత్తవి కలుపుకుంటూ పోయారు అన్నారు. అసలు కథకు ముగింపు ఉందట. 11వ శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు సంస్కృతంలో రాసిన కథాసరిత్సాగరంలో ఉందట. అందులో రాజు పేరు త్రివిక్రమసేనుడు. ఊరు ప్రతిష్ఠానం, అంటే మహారాష్ట్రలో ఉన్న పైఠాన్. అది గోదావరి ఒడ్డునే ఉంది. మన పాపికొండల మధ్యనుంచి పోయే గోదావరే! అది విని మేం చప్పట్లు కొట్టాం.

శనివారం రాత్రి భోజనాలయ్యాక మాస్టారు ముగింపు చెప్పారు. ఒక రాజూ, అతని కొడుకూ వేటకు వెళ్తారు. దారిలో ఇద్దరు ఆడవాళ్ళ అడుగుజాడలు కనిపిస్తాయి. పెద్ద పాదాల ఆమె తండ్రికి, చిన్న పాదాల ఆమె కొడుక్కి అని ముందే పంచుకుంటారు. తీరా చూస్తే వాళ్ళు తల్లీకూతుళ్ళు. పెద్ద పాదాలు కూతురివి! అన్నమాట ప్రకారం తండ్రి కూతుర్ని, కొడుకు తల్లిని చేసుకుంటారు. ఆ రెండు జంటలకూ పుట్టిన పిల్లలు ఒకరికొకరు ఏమవుతారు? ఇదీ ప్రశ్న. రాజుకు తెలియలేదు. నోరెత్తకుండా నడిచాడు. బేతాళుడు మెచ్చుకుని, నిన్ను పంపిన భిక్షువు నిన్నే బలి ఇస్తాడు జాగ్రత్త అని చెప్పేశాడు. భిక్షువు సాష్టాంగపడమంటే రాజు, నాకు రాదు, ముందు నువ్వు చేసి చూపించు అన్నాడు. అతను పడుకోగానే తల నరికేశాడు.

ఇక చూడండి గొడవ. కొందరు ఈల వేశారు. కొందరికి ఏడుపొచ్చింది, ఇంక చెట్టు మీద ఎవరూ లేరు కదా అని. పదో తరగతి అక్కేమో, అన్నీ తెలిసినవాడు తెలియకపోవడం వల్ల గెలవడమేంటి, ఇది ఒప్పుకోను అంది. నా పక్క మంచం అమ్మాయికి వేరే కోపం. ఆ తల్లీకూతుళ్ళ ఇంటాయన్ని దోచి చంపింది అడవిలో ఉండే భిల్లులట. "దొంగలు ఎప్పుడూ అడవోళ్ళేనా?" అంది. మాస్టారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, నువ్వు అడిగింది న్యాయమే అన్నారు. ఈ కథలు చెప్పుకునే చోటికి దయ్యాలు రావు అని చివర్లో వరం కూడా ఉంది. అది విని వార్డెన్ మేడం, అయితే ఇక రాత్రిపూట బాత్రూంకి తోడు లేపరుగా అన్నారు.

నేను మాత్రం ఏమీ అనలేదు. నేను ఎప్పుడూ అంతే. ఆరో తరగతిలో ఒకసారి మా ఊరి యాసలో జవాబు చెప్తే అందరూ నవ్వారు. అప్పట్నుంచి తెలిసినా లోపలే చెప్పుకుంటాను. నా తల ఏమీ పగల్లేదు.

సంక్రాంతి సెలవులకు ఇంటికెళ్ళాను. మా అవ్వ చింతపండు గింజలు తీస్తుంటే పక్కన కూర్చుని ఈ కథ చెప్పాను. మా కొండరెడ్ల ఇళ్ళలో చుట్టరికాలు లెక్క కట్టడంలో అవ్వని మించినోళ్ళు లేరు. బడి మొహం చూడలేదు. నాలుగు చింతగింజలు పేర్చుకుని చెప్పింది: "ఇటునుంచి చూస్తే ఈడు ఆడికి మేనమామ. అటునుంచి చూస్తే ఆడు ఈడికి చిన్నాయన. ఇందులో తెలీకపోడానికి ఏటుంది?" నాకు నోట మాట రాలేదు. రాజుకు రానిది మా అవ్వకి వచ్చింది!

తర్వాత గింజలు చెరిపేసి, "అది సరే గానీ, కాలి ముద్దర చూసి పంచేసుకున్నారా? ఆ ఆడోళ్ళని ఎవరైనా అడిగారా?" అంది.

అవ్వ ఆ మాట గట్టిగానే అంది. ఎందుకంటే అప్పుడు అరుగు మీద మా అయ్య, మా మేనత్త కూర్చుని నా పెళ్ళి మాట మాట్లాడుకుంటున్నారు. మేనత్త కొడుక్కి చేద్దామని. ఇద్దరూ అవ్వ పిల్లలే. ఇద్దరూ ఇటు తిరిగారు. అయ్య నన్ను, "ఏమే, నువ్వేమంటావు?" అన్నాడు.

పెళ్ళికి 18 ఏళ్ళు నిండాలని క్లాసులో చెప్పింది తెలుసు. అది నోటికి రాలేదు. "నేను పది పరీక్ష రాయాలి. ఆ తర్వాత కూడా చదువుతాను" అన్నాను. మా యాసలోనే అన్నాను. ఎవరూ నవ్వలేదు.

మేనత్త, వేసంకాలం చూద్దాంలే అని వెళ్ళిపోయింది. అంటే బేతాళుడు మళ్ళీ చెట్టెక్కాడన్నమాట. వేసంకాలం మళ్ళీ అడుగుతారు. నేను మళ్ళీ చెప్తాను.

అక్కా, ముగింపు నీకు నచ్చలేదన్నావు. నాకూ పూర్తిగా నచ్చలేదు. తెలియనప్పుడు ఊరుకోవడం రాజుకు మంచిదయ్యింది. తెలిసినప్పుడు చెప్పడమే మనకు మంచిది. మీరేమంటారో కింద చీటీ అంటించండి.

– 9వ తరగతి విద్యార్థిని