లె మాన్: లారీలు తిరిగే పందెపు దారి

ఫ్రాన్స్‌లోని లె మాన్ ఊరి దక్షిణ కొసన టూర్ నగరానికి పోయే రోడ్డెక్కితే ప్రత్యేకంగా ఏమీ కనిపించదు. ఇరుపక్కలా చెట్లు, అక్కడక్కడా దుకాణాలు, సరుకు లారీలు, రొట్టె కొనడానికి బయల్దేరిన కార్లు. పరికించి చూస్తే మాత్రం పక్కనున్న ఇనుప కంచె మామూలు రోడ్డుకు కావలసినదానికన్నా గట్టిగా ఉంటుంది. జూన్‌లో కొన్ని రోజులపాటు ఇదే దారిలో కార్లు గంటకు 300 కిలోమీటర్లు దాటి దూసుకుపోతాయి. లె మాన్ 24 గంటల పందెం చుట్టు 13.6 కిలోమీటర్లు. అందులో ఎక్కువ భాగం ఇలాంటి రోడ్లే.

ఉనోదియేర్ అని పిలిచే ఈ ఆరు కిలోమీటర్ల తిన్నని దారిలో 1988లో ఒక కారు 400 కిలోమీటర్ల వేగం దాటింది. ఆ జోరుకు కళ్ళెం వేయడానికి 1990లో దారి మధ్యలో రెండు చోట్ల మెలికలు పెట్టారు.

పందేల పిచ్చి ఈ ఊరికి పాతదే. గంటలు పోతపోసే అమెదే బొల్లే ఇక్కడే 1873లో ఆవిరి బండి తయారుచేసి, రెండేళ్ళకు దాన్ని పారిస్ దాకా నడిపాడు. ప్రయాణానికి 18 గంటలు పట్టింది. ఇప్పుడు టీజీవీ రైలుకు పట్టేది ఒక గంట. 1906లో ఫ్రాన్స్ తొలి గ్రాన్ ప్రీ ఈ ఊరి చుట్టుపక్కల రోడ్ల మీదే జరిగింది. 1908 ఆగస్టులో విల్బర్ రైట్ ఐరోపా జనం ముందు మొదటిసారి విమానం నడిపింది కూడా ఇక్కడే, ఉనోదియేర్ గుర్రప్పందేల మైదానంలో. అతనికి పని చేసుకోవడానికి ఫ్యాక్టరీలో చోటిచ్చింది బొల్లే కొడుకు లియోన్. 24 గంటల పందెం 1923లో మొదలైంది. వేగం తేల్చడమొక్కటే దాని ఉద్దేశం కాదు. మామూలు కార్లు, వాటి దీపాలు రాత్రంతా నిలుస్తాయో లేదో చూడాలనుకున్నారు.

మన దగ్గర 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్ల పందెం కోసం రోడ్లు మూస్తే హైదరాబాదు విసుక్కుంది. మరుసటి ఏటి పందెం రద్దయింది. హైదరాబాదులో గెలిచిన ఝాన్ ఎరిక్ వెర్న్ 2023 జూన్‌లోనే ప్యూజో కారుతో లె మాన్‌లో దిగాడు. నూరేళ్ళుగా రోడ్లు మూస్తున్నా లె మాన్ ఓర్చుకోవడానికి కారణం ఊహించడం కష్టం కాదు. మనకు పందెం బయటి నుంచి వచ్చింది, ఇక్కడ ఊరే కన్నది. నిర్వాహకులది ఇప్పటికీ స్థానిక క్లబ్బే.

ఒకచోట కూర్చుని చూద్దామనుకునేవారికి లె మాన్ డబ్బు దండగ. 62 కార్లు, ఒక్కో చుట్టుకు మూడున్నర నిమిషాలు. శనివారం సాయంత్రం నాలుగింటికి మొదలైన గంటకే ఎవరు ముందో, ఎవరు ఒక చుట్టు వెనకో లెక్క తప్పుతుంది. అందుకే పాత కాపులు చెవిలో రేడియో పెట్టుకుని నడుస్తారు. అక్కడి ఎఫ్ఎంలో ఇంగ్లీషు వ్యాఖ్యానం రాత్రంతా వస్తుంది. పోటీపడే కార్లవి మూడు తరగతులు. నంబరు పలక ఎర్రగా ఉంటే హైపర్‌కార్, నీలంగా ఉంటే ఎల్ఎంపీ2, నారింజ రంగైతే జీటీ3. ఈ మూడు రంగులు గుర్తుంటే చాలు, చీకట్లో కూడా పోటీ అర్థమవుతుంది.

చీకటి పడేది రాత్రి పది దాటాకే. అప్పుడు బస్సెక్కి ఆర్నాజ్ మలుపుకు పోవాలి. చుట్టు మొత్తంలో అతి నిదానమైన చోటు అదే. బ్రేకు డిస్కులు నిప్పులా ఎర్రబడి కనిపిస్తాయి. కళ్ళు మూసుకున్నా కార్లను పోల్చుకోవచ్చు. కాడిలాక్ వీ8 పొట్టలో గుబగుబలాడిస్తే, 2025లో వచ్చిన ఆస్టన్ మార్టిన్ వీ12 కూత పెడుతుంది. వెనక గుడారాల మధ్య బీరు, మాంసం కాలే పొగ. సముద్రం దాటి పాత స్పోర్ట్స్ కార్లలో వచ్చిన బ్రిటిష్ వాళ్ళదే సందడి. జెయింట్ వీల్, మిఠాయి కొట్లు, నేల మీదే నిద్రలు చూస్తే మన తిరనాళ్ళే. ఊరి ప్రసిద్ధ వంటకం రియెత్ పంది మాంసంతో చేసేది కాబట్టి శాకాహారులకు రొట్టె, చీజ్, ఆలుగడ్డ వేపుడే దిక్కు.

పిట్లకు ఎదురుగా ఉన్న స్టాండ్లలో కాసేపు ఆగాలి. 1955లో ఒక మెర్సిడెస్ గాల్లోకి లేచి జనం మీద పడింది ఇక్కడే. డ్రైవరు లెవెగ్‌తో పాటు 80 మందికి పైగా ప్రేక్షకులు పోయారు. పందెం మాత్రం ఆగలేదు. జనమంతా ఒక్కసారి బయల్దేరితే అంబులెన్సులకు దారుండదని నిర్వాహకులు చెప్పారు. ఆ మాట సబబే కావచ్చు, మింగుడు మాత్రం పడదు.

శుక్రవారమే చేరుకుంటే పట్నం కూడా చూడొచ్చు. డ్రైవర్లు పాత కార్లలో వీధుల్లో ఊరేగుతారు. గెలిచినవారి చేతి ముద్రలు కాలిబాటలో పొదిగి ఉంటాయి. ఎర్రటి నగిషీల రోమన్ గోడ వెంట సెయింట్ జూలియన్ కెథడ్రల్‌కు ఎక్కితే, ఆ దగ్గరలోనే విల్బర్ రైట్ స్మారకం కనిపిస్తుంది. చెక్కింది పాల్ లాండోవ్‌స్కీ, రియోలో కొండ మీది క్రీస్తు విగ్రహం రూపొందించిన శిల్పి.  

ఆదివారం మధ్యాహ్నానికి అందరికీ ఒళ్ళు హూనమై ఉంటుంది. ట్రామ్ రద్దీ తప్పించుకుందామని నాలుగింటికి ముందే బయల్దేరాలనిపిస్తుంది. అయితే 2016లో టొయోటా 23 గంటల 55 నిమిషాలు దాటేదాకా ముందుంది. కొద్ది నిమిషాలే మిగిలాయనగా కారులో శక్తి పోయింది. అది డ్రైవరు నకజిమా చేతిలోనే ఆగిపోతే పోర్షె పక్కనుంచి వెళ్ళి గెలిచింది. ఆ రోజు తొందరపడ్డవాళ్ళు టొయోటా గెలిచిందనుకునే ట్రామ్ ఎక్కి ఉంటారు.